నలభై ఒక్క చుక్కలు

మూడైంది. తెర మీద అంకె పన్నెండు దగ్గర కూర్చుంది, లేవనంటోంది. వందకి పన్నెండు. మిగతాది పూర్తి కావడానికి యాభై రెండు నిమిషాలు పడుతుందని కింద సన్నటి అక్షరాలు చెబుతున్నాయి, ఆ అక్షరాలు ఎప్పుడూ నిజం చెప్పి చావవు, ఒకసారి యాభై అంటాయి, ఇటు తిరిగి అటు చూసేలోగా అరవై అంటాయి, నాలుగు గంటలకేమో ఊరికి ఆ చివర ఆసుపత్రిలో మూడో అంతస్తులో అన్నయ్య నరంలోకి కొత్త మందు ఎక్కిస్తారు. ఆ మందు పనిచేయవచ్చని లోకంలో అందరికంటే ముందు అన్నది ఆమే. జన్యువుల వలల్లో గుంపులు వెతకడం, దొరికిన గుంపు ఎంత చిక్కగా ఉంది, ఎంత గట్టిగా ముడిపడి ఉంది, దాన్ని పట్టి నిలబెట్టేది ఏది అని కొలవడం ఆమె ఉద్యోగం, పదకొండేళ్ళుగా అదే పని, ఆ పదకొండేళ్ళలో పనికొచ్చేలా దొరికిన ఒకే ఒక్క గుంపు ఇది, నలభై ఒక్క జన్యువులది, దాన్ని చూపించే ఆరుగురు రోగులకి మందు ఇచ్చి చూడటానికి అనుమతి తెచ్చారు, ఆ ఆరుగురిలో మొదటివాడు అన్నయ్య. పొద్దున్న తొమ్మిదిన్నర నుంచి అది ఈ కండలు కరిగించే జబ్బు తాలూకు గుంపేనా అని ఆమెకి అనుమానం. అనుమానమా? కాదు, తెలుసు, తెలిసిపోయింది, తెలిసిందని ఒప్పుకోవడానికి మాత్రం ఈ దిక్కుమాలిన అంకె వందకి చేరాలట. పదమూడు.

గుంపు దొరికిన కొత్తలో ఆ సంగతి అన్నయ్యకి చెప్పింది అతని కుట్టు కొట్లో, బట్టలు కత్తిరించే బల్ల మీద, అతని సుద్దముక్కతోనే. బల్ల మీద పరిచిన గోధుమరంగు కాగితం మీద చుక్కలు పెట్టుకుంటూ పోయింది, చూడు అన్నయ్యా, ఈ చుక్క ఒక జన్యువు, ఇది ఇంకోటి, కండలో ఇది పెరిగినప్పుడల్లా అదీ పెరిగితే, ఇది తగ్గినప్పుడల్లా అదీ తగ్గితే, రెంటి మధ్యా ఒక గీత. ఇలాంటివి ఇరవై వేల చుక్కలు, గీతలు లెక్కలేనన్ని, చాలావరకు ఎవరి దారి వాళ్ళది, కానీ ఒకచోట మాత్రం నీకు తెలిసినవాళ్ళలో ఏ ఇద్దర్ని పట్టుకున్నా వాళ్ళకి ఒకళ్ళంటే ఒకళ్ళకి పరిచయమే. "మన వీధిలాగా," అన్నాడు అన్నయ్య. "మన వీధికంటే ఘోరం," అంది. నడిమి చుక్కకి ల్యాబులో అందరూ పెళ్ళిపెద్ద అని పేరు పెట్టారు, నలభైమందిలో ముప్ఫై ఎనిమిది మందితో దానికి చుట్టరికం, దాని నోరు మూయిస్తే గుంపంతా గప్‌చుప్. దాని నోరు మూయించే మందు ఇంకేదో జబ్బుకి ఇప్పటికే వాడుతున్నారని చెప్పినప్పుడు అన్నయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, తుడిచి చాలాసేపు ఆ కాగితం వంక చూసి "ఇందులో నేనెక్కడున్నానే?" అన్నాడు. "నువ్వు చుక్కవి కాదు. నువ్వూ ఇంకో ముప్ఫై ఏడుగురూ కలిస్తేనే ఒక్కో గీత పడింది." "అయితే నేను గీతలో దారప్పోగునన్నమాట!" అని వదినని కేకేసి పిలిచి, రావే, మన లెక్కలమ్మ నన్ను ఎక్కడ కుట్టిందో చూద్దువుగాని అని, ఆ కాగితం రెండు రోజులు తియ్యనివ్వలేదు, ఎవరిదో కోటు గుడ్డ ఉంటే పక్కనున్న ఇస్త్రీ బల్ల మీద వంగి కత్తిరించుకున్నాడు. వదిన నవ్వుతూ విసుక్కుంది. అప్పటికి కత్తెర ఇంకా పట్టుకునేవాడు.

పద్దెనిమిది. ఒళ్ళు దగ్గర పెట్టుకునే చేసింది, ఆ మాట ఎవరైనా ఒప్పుకోవాలి. గీతలన్నీ తెంపి, ఏ చుక్కకి ఎన్ని గీతలున్నాయో అన్నే ఉంచి, అడ్డదిడ్డంగా మళ్ళీ కట్టి చూసింది, ఒకసారి కాదు, వెయ్యిసార్లు, ఆ వెయ్యి వలల్లో ఒక్కదాంట్లోనూ ఇంత చిక్కటి గుంపు పుట్టలేదు. రోగుల్లో సగంమందిని పక్కన పెట్టి చూసింది, గుంపు చెక్కుచెదరలేదు. చుక్కల్ని ఒక్కొక్కటిగా పీకేసి చూసింది, పెళ్ళిపెద్దని తప్ప దేన్ని పీకినా మిగతావి ఒకదాన్నొకటి పట్టుకునే ఉన్నాయి, ఆ రోజు కుర్చీలోంచి లేచి గదిలో ఒక్కర్తే చప్పట్లు కొట్టింది, పక్క గదిలో పెద్దాయన, ఆమె పై అధికారి, గోడ మీద తట్టి ఏమైందని అడిగాడు. ఇన్ని అడిగిన మనిషి ఒక్కటంటే ఒక్కటి అడగలేదు. రోగుల ఒంట్లోంచి పరీక్షకి కోసిన కండముక్కలున్న పెట్టె ఎన్నింటికి వచ్చింది? ఇది అడగడానికి పదకొండేళ్ళ చదువెందుకు, చేపలు కొనే ఎవరైనా మొదట అడిగేది అదే.

అడిగినావిడ ఒకావిడ ఉంది. డీప్ ఫ్రీజర్లున్న గదిని ఇరవై ఆరేళ్ళు కాపలా కాసిన మనిషి, అందరూ ఫ్రీజరమ్మ అనేవాళ్ళు, ఎండాకాలంలోనూ ఉన్ని స్వెటరే, ముక్కు ఎప్పుడూ ఎర్రగా ఉండేది, పోయిన నెల ఉద్యోగం చాలించుకుని వెళ్ళిపోయింది. ఆవిడ బల్ల ఖాళీ చేసే పని ఎవరికీ పట్టలేదు, ఇవాళ పొద్దున్న ఆమె సొరుగు లాగితే నీలం అట్టల నోటు పుస్తకాలు పదిహేను. ఊరికే, దస్తూరీ చూడ్డానికి తెరిచింది. ప్రతి కండముక్కకీ మూడు గడులు, కోసిన టైము, పెట్టెలో పెట్టిన టైము, ఫ్రీజర్లోకి వెళ్ళిన టైము. జబ్బులేనివాళ్ళ ముక్కలు ఈ భవనంలోనే కింద ఎముకల ఆపరేషన్లు చేసేచోట కోసినవి, ఇరవై నిమిషాలు, పాతిక నిమిషాలు, మెట్లెక్కి రావడానికి పట్టే టైము. రోగుల ముక్కలు ఊరికి ఆ చివర ఆసుపత్రిలో మధ్యాహ్నం, సాయంత్రం పూట కోసినవి, వ్యాను మర్నాడు పొద్దున్న గానీ బయల్దేరదు, రాత్రంతా మంచుపెట్టెలో, పద్నాలుగు గంటలు, పదహారు, పదిహేడు. వేలు పెట్టుకుని ఒక్కో వరసే చదువుకుంటూ పోయింది, నాలుగో పేజీ దగ్గర వేలు ఆగింది. కోసిన కండ కోయగానే చావదు కదా, రక్తం లేదు, గాలి లేదు, ఎవరో ఒకరు వస్తారని రాత్రంతా పెనుగులాడుతుంది, ఆ పెనుగులాటలో కొన్ని జన్యువులు కట్టగట్టుకుని అరుస్తాయి, ఎక్కువసేపు పడి ఉన్న ముక్కలో అన్నీ కలిసి ఎక్కువ అరుస్తాయి, తక్కువసేపు ఉన్నదాంట్లో అన్నీ కలిసి తక్కువ. ఒకటి పెరిగితే ఇంకోటి పెరగడం, ఒకటి తగ్గితే ఇంకోటి తగ్గడం. ఇంకేం, రెంటి మధ్యా ఒక గీత. గుంపు అబద్ధం కాదు మహానుభావా, గుంపు నిజమే, అది చిక్కగా ఉండటమూ నిజమే, వెయ్యి వలల్లో పుట్టకపోవడమూ నిజమే, కాకపోతే అది నాన్నని తిన్న జబ్బు కాదు, అన్నయ్యని తింటున్న జబ్బూ కాదు, పెట్టెలో పడి ఎదురుచూసిన మాంసం చేసిన గోల.

రెండేళ్ళ కిందట ఫ్రీజరమ్మ తలుపు దగ్గర నిలబడి అడిగింది కూడాను. "అమ్మాయ్, ఈ రోగులవి ఎప్పుడు చూసినా మర్నాడే వస్తున్నాయి, మంచు సగం నీళ్ళైపోయి. ఏం పర్వాలేదంటావా?" ఆమె చెవుల్లో పాట, తెర మీద గుంపు, తల తిప్పకుండానే "పర్వాలేదండీ, అన్నీ ఒకేలా వస్తున్నాయిగా," అంది. అన్నీ ఒకేలా వస్తున్నాయిగా! ఆ మాటని పొద్దుట్నుంచి ఎన్నిసార్లు తనలో తను అనుకుందో, అనుకున్న ప్రతిసారీ తల కొట్టేసినట్టవుతోంది, ఒకేలా రావడమే కదే కొంప ముంచింది, రోగులవన్నీ ఒకేలా ఆలస్యం, మిగతావన్నీ ఒకేలా తొందర. ఆవిడ "సరేలే, చదువుకున్నదానివి," అని వెళ్ళిపోయింది. వెక్కిరింపు కాదు, నిజంగానే అంది. నోటు పుస్తకంలో మాత్రం గడి మానకుండా నింపుకుంటూ పోయింది, ఎవరూ చూడరని తెలిసి కూడా.

ఇరవై తొమ్మిది. పెద్దాయన దగ్గరికి పది గంటలకి పుస్తకం పట్టుకుని పరిగెత్తింది, ఆయన కుర్చీ వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని విని, "టైము తేడాని తీసేసి మళ్ళీ వల కట్టు. గుంపు నిలిస్తే నిలిచింది. లెక్క వచ్చేదాకా బయట నోరు విప్పకు, నాలుగింటి దాకా టైముంది కదా," అన్నాడు. ఆయన కంగారు మనిషి కాదు, ఎప్పుడూ కాదు. ఆమె తిరిగొచ్చి, పదిహేను పుస్తకాల్లోని టైములన్నీ కంప్యూటర్లోకి ఎక్కించేసరికి రెండున్నర, నొక్కేసరికి రెండూ యాభై. నొక్కక్కర్లేకుండానే ఫోన్ చెయ్యొచ్చు కదా. పది గంటలకే చెయ్యొచ్చు. ఆపండి అని ఒక్క మాట, దానికి లెక్కెందుకు, ఆరుగురి ఒళ్ళలోకి వెళ్ళే మందు, కాలేయాన్ని దెబ్బతీస్తుందని కాగితం మీద రాసి ఉన్న మందు. పెద్దాయన చెప్పాడని ఆగిందా? ఛా, ఆయన చెప్పింది ఎన్నిసార్లు వింది గనక. ఒకవేళ నిలుస్తుందేమో అని ఆగింది. నలభై ఒకటీ కాకపోయినా పదైనా, ఆరైనా, టైము తీసేశాక కూడా అన్నయ్య ఒంట్లో ఏదో ఒకటి చేయీ చేయీ పట్టుకుని నిలబడుతుందేమో, సైన్సు చేసే మనిషి ఇలా కళ్ళు మూసుకుని వేడుకోవచ్చా, వేడుకుంటోంది, ఎవర్నో తెలీదు, నిలవండమ్మా, మీకు దణ్ణం పెడతాను, కాసిని నిలవండి.

నిలవవు. ఆ రెండు ముక్కల సంగతి గుర్తొచ్చిన క్షణంలోనే తెలుసు నిలవవని. జబ్బులేనివాళ్ళలో ఇద్దరుండేవాళ్ళు, ఒకాయనకి మోకాలు, ఒకావిడకి తుంటి, వాళ్ళిద్దరి కండలోనూ నలభై ఒక్క జన్యువులూ రోగుల్లోలాగే వెలిగిపోతూ కనిపించాయి. ఆమె ఏం చేసింది? కొంచెంసేపు ఆలోచించింది, పెన్ను కొరికింది, వీళ్ళలో జబ్బు ఇంకా బయటపడలేదేమో అనుకుంది, ముక్క పాడై ఉంటుందని కూడా అనుకుంది, రెండూ ఒకేసారి ఎలా అనుకుందో, చివరికి ఆ ఇద్దర్నీ తీసేసింది. వ్యాసంలో ఒక్క వాక్యం, నాణ్యత చాలనందున రెండు నమూనాలను పక్కన పెట్టాం. శుభ్రం చేయడం అంటారు దాన్ని, అందరూ చేస్తారు, ఇల్లు ఊడ్చినంత మామూలుగా చేస్తారు. ఇవాళ పుస్తకంలో వాళ్ళ వరసలు వెతికింది. పక్కనే సన్నగా రాసి ఉంది, ఆ రోజు ఫ్రీజర్ గది తాళాలు ఫ్రీజరమ్మతో పాటు ఇంటికెళ్ళిపోయాయి, ఆ రెండు ముక్కలూ కిందే మంచులో రాత్రంతా ఉండిపోయాయి. పదిహేను గంటల పది నిమిషాలు, ఇద్దరివీ. నిజం తనంతట తనే నడిచొచ్చి తలుపు కొడితే, నాణ్యత చాలదు పొమ్మని గెంటేసిందన్నమాట. గెంటేశాక గుంపు మరింత అందంగా వచ్చింది. ఆ అందం చూసుకుని మురిసింది కూడా.

నలభై నాలుగు. మూడున్నర. టీ గ్లాసులో మీగడ కట్టింది, బల్ల అంచు జిడ్డుగా ఉంది, కిటికీ బయట ఎవరో మెట్లు కడుగుతున్నారు, చీపురు చప్పుడు. నాలుగు గంటలంటే ఆసుపత్రిలో నాలుగేనా, నాలుగున్నర కూడా కావచ్చు, వాళ్ళెప్పుడు టైముకి చేశారు. మందు ఒక్కటే అయితే ఆపెయ్యొచ్చు, ఎక్కించని సీసా ఎవర్నీ ఏమీ చెయ్యదు. ఆరు వారాల కిందట ఆగిపోయినదాన్ని ఎలా వెనక్కి తెస్తావే? ఈ కొత్త మందు ఒంటికి పడాలంటే ముందు పాత మాత్రలు ఆరు వారాలు మానెయ్యాలన్నారు, ఏడేళ్ళుగా ఆ మాత్రలే అన్నయ్య భుజాల్ని భుజాల్లా ఉంచుతున్నాయి, జబ్బుని ఆపవు గానీ దాని కాళ్ళకి అడ్డం పడతాయి. మానేద్దామా అని అన్నయ్య డాక్టరుని అడగలేదు, ఆమెని అడిగాడు. "నువ్వు చెప్పు. నువ్వు మానెయ్యమంటే మానేస్తాను." మానెయ్యి అన్నయ్యా అంది. వెయ్యిలో ఒక్కటీ రాలేదు అన్నయ్యా, వెయ్యిలో! అంది. రెండో వారంలో సూదిలో దారం వదిన ఎక్కించింది. మూడో వారంలో కత్తెర కింద పడింది, పడ్డదాన్ని తియ్యలేక కాలితో బల్ల కిందకి తోసేశాడని వదిన ఫోన్లో నవ్వుతూ చెప్పింది, అది నవ్వు కాదని ఇద్దరికీ తెలుసు. ఐదో వారంలో కొట్టు మూశారు. వేలాది చొక్కాలకి గుండీలు కుట్టిన మనిషికి ఇప్పుడు తన చొక్కా గుండీ వదిన పెడుతోంది, గడ్డం దగ్గర పెట్టేటప్పుడు అతను పైకి చూస్తాడు, చిన్నపిల్లాడిలా, పోయిన ఆదివారం ఆమె గుమ్మంలో నిలబడి అది చూసి చెప్పులు విప్పకుండానే వెనక్కి తిరిగింది. ఈ జబ్బులో పోయిన కండ పోయినట్టే. మళ్ళీ రాదు. ఆ సంగతి ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు, నాన్నని భుజాలు పట్టి లేపింది తనూ అన్నయ్యా కలిసే కదా, చెరో వైపూ.

తనకి మాత్రం జబ్బు లేదు. ఇరవై రెండో ఏట పరీక్ష చేయించుకుంటే లేదని తేలింది, అన్నయ్య మిఠాయి తెచ్చాడు, నాన్న మంచం మీంచే చెయ్యి ఊపాడు. ఆ రోజు నుంచి ఒక సిగ్గు, ఏం చెయ్యకుండా బయటపడ్డ మనిషికి ఉండే సిగ్గు, దాన్ని తీర్చుకోవడానికే ఈ చదువు, ఈ వలలు, రాత్రీ పగలూ ఈ చుక్కలు. తీర్చుకుంది బాగానే. అరవై ఏడు. డెబ్బై. ఇప్పుడు అంకె పరిగెడుతోంది, చివర్లో ఎప్పుడూ ఇంతే, మొదట్లో మొరాయిస్తుంది, చివర్లో తోలకుండానే పోతుంది. ఎనభై ఆరు. ఆగు. కాస్త ఆగు.

మూడూ యాభై రెండుకి వంద. పాత గుంపులో ఐదు వందల ఎనభై గీతలుండేవి, ఇప్పుడు తొమ్మిది. పెళ్ళిపెద్దకి ఒక్కటి లేదు. నలభై ఒక్క చుక్కలూ తెల్లటి తెర మీద ఎక్కడివక్కడ పడి ఉన్నాయి, ఒకదానికొకటి ఏమీ కానట్టు, అడ్డదిడ్డంగా కట్టిన వెయ్యి వలల్లో ఆరువందల పన్నెండు దీనికంటే చిక్కగా ఉన్నాయట. ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే డాక్టరుగారే ఎత్తారు. "ఆపెయ్యండి. గుంపు లేదండీ. ఆరుగురికీ వద్దు," అంది. అటువైపు ఎవరో ట్రే కింద పెట్టిన చప్పుడు. "మీ పెద్దాయనకి తెలుసా?" "ఇప్పుడు తెలుస్తుంది." "సరే, ఆపేస్తున్నాను. మీ అన్నయ్యకి నేను చెప్పనా?" వద్దు, నేనే చెబుతానంది.

అన్నయ్య ఫోన్ దానంతట అదే ఎత్తుకునేలా వదిన పెట్టి ఉంచుతుంది, స్పీకర్లో, దిండు మీద, చెవి పక్కన. "చెప్పవే లెక్కలమ్మా. సూది గుచ్చేశారు. సీసా ఇంకా తగిలించలేదు, మీ వదిన నీళ్ళకోసం కిందకి వెళ్ళింది," అన్నాడు, గొంతులో పెళ్ళికి బయల్దేరినవాడి హుషారు. తగిలించరు అన్నయ్యా అంది. పప్పులో కాలేశాను అన్నయ్యా అని మొదలుపెట్టి, అది మరీ చిన్న మాటని తోచి ఆగి, తప్పు చేశాను అంది, పెట్టె సంగతి చెప్పింది, రాత్రంతా మంచులో ఉన్న ముక్కల సంగతి, అంతా కలిపి నాలుగు వాక్యాలు కాలేదు, రెండేళ్ళ పని నాలుగు వాక్యాల్లో పట్టేసింది. అన్నయ్య "నాదీ అంతసేపు ఉందా పెట్టెలో?" అన్నాడు. "పంతొమ్మిది గంటలు. అందరికంటే ఎక్కువ." "ఆ రోజు నేనే ముందు వెళ్ళానే. మధ్యాహ్నం కాగానే వెళ్తే తొందరగా అయిపోతుందని." "నీ వల్ల కాదు అన్నయ్యా." "ఊఁ. మరి ఆ మాత్రలు?" "ఇవాళ్టి నుంచి మళ్ళీ వేసుకో." "వేసుకుంటే చెయ్యి లేస్తుందా?" ఇంతవరకూ ఏది అడిగినా అంకెతో చెప్పింది, దీనికి అంకె లేదు. "లేవదు. ఇప్పుడున్నది కొంతకాలం ఉంటుంది," అంది.

"సరే, పెట్టేస్తాను," అన్నాడు అన్నయ్య. పెట్టలేదు. పెట్టడం అతని చేతిలో లేదు, బొటనవేలు అంత దూరం రాదు, ఆ సంగతి అతనూ మరిచిపోయాడేమో, ఆమెకీ వెంటనే తట్టలేదు, ఫోన్ చెవికి ఆనించుకుని అతని ఊపిరి వింటూ ఉండిపోయింది. తలుపు చప్పుడైంది. చెప్పులు. సీసాలో నీళ్ళ కదలిక. "ఏమండీ, ఇంకా తగిలించలేదేం?" వదిన గొంతు. "ఇవాళ కాదట," అన్నాడు అన్నయ్య, "మందు రాలేదట. రేపు రమ్మన్నారు." కొట్లో ముప్ఫై ఏళ్ళపాటు రేపు రండి, రేపు తప్పకుండా అని ఎన్ని వేలమందికి చెప్పాడో, అచ్చం ఆ గొంతే, అంతే తేలిగ్గా, తల ఎత్తకుండా చెప్పినట్టే. "రేపా? నిజంగా రేపేనా? ఎవరు చెప్పారు?" "చెల్లే చెప్పింది." "పోనీలెండి. ఆరు వారాలు ఆగాం, ఒక్క రోజు ఎంతలోకి," అని వదిన మంచం మీద కూర్చుంది, మంచం కిర్రుమంది. అన్నయ్యా, వద్దు, అలా చెప్పకు. ఆమె ఫోన్ నోటికి దగ్గరగా తెచ్చుకుంది. "వదినా," అంది.

"అయ్యో, అమ్మాయ్, లైన్లోనే ఉన్నావా!" అంది వదిన, ఆ గొంతునిండా సంతోషం. "మంచిదైంది. రేపు ఎన్నింటికి రమ్మంటావు? పొద్దున్నే వచ్చెయ్యమంటావా?"